రీలు చెడితే ఆధారం పోతుంది: పాత తెలుగు డిటెక్టివ్ సినిమాల పునరుద్ధరణపై సమీక్ష

పాత సినిమాను బాగుచేసి మళ్లీ జనానికి చూపించాలనడంలో ఎవరికీ పేచీ లేదు. ఎలా బాగుచేయాలి, ఎంతవరకు, ఎవరి ఖర్చుతో, ఎవరి అనుమతితో అన్న దగ్గరే తగాదా. 2010లో ‘మాయాబజార్’ రంగులు వేసుకుని వచ్చినప్పుడు రాజుకున్న ఈ వాదం 2022 నుంచి వరసగా వస్తున్న 4కె రీ-రిలీజులతోనూ, ఇప్పుడు కృత్రిమ మేధతో చేస్తున్న సవరణలతోనూ మరింత చిక్కుపడింది. అయితే ఈ చర్చంతా పౌరాణికాల చుట్టూ, అభిమాన తారల హిట్ల చుట్టూ తిరిగింది. మన అపరాధ పరిశోధన చిత్రాల ఊసు అందులో దాదాపుగా లేదు. పునరుద్ధరణలో జరిగే ప్రతి పొరపాటూ ముందుగా దెబ్బతీసేది మాత్రం వీటినే. పౌరాణికంలో ఒక పద్యం పోతే రసం తగ్గుతుంది, కథ నిలుస్తుంది. డిటెక్టివ్ సినిమాలో బల్లమీద ఉత్తరం చదవడానికి రాకపోతే కథే నిలవదు.

ఈ సినిమాలు ఇవాళ థియేటర్‌కు తిరిగి వచ్చే అవకాశం తక్కువ. నరసరావుపేటలోనో, మాచర్లలోనో, గురజాలలోనో ఉన్న ప్రేక్షకుడు వాటిని చూస్తే ఇంట్లో టీవీలోనే చూడాలి, లేదా చేతిలో ఫోన్లో. కాబట్టి ఇంటి తెరకు అవి ఏ రూపంలో చేరుతున్నాయన్నదే అసలు ప్రశ్న.

ఏ సినిమాల సంగతి ఇది

తెలుగువాళ్లకు డిటెక్టివ్ ముందు పుస్తకంలో పరిచయమయ్యాడు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్ కథలు, టెంపోరావు నవలలు అద్దె లైబ్రరీల్లో అట్టలు ఊడేదాకా చేతులు మారాయి. సినిమా ఆ పాఠకుణ్ని కాస్త ఆలస్యంగా అందుకుంది. 1963లో ఎన్.టి.రామారావు ‘లక్షాధికారి’, 1965లో తాపీ చాణక్య దర్శకత్వంలో ‘సి.ఐ.డి.’ వచ్చాయి. 1966 ఆగస్టులో సుందర్‌లాల్ నహతా, డూండీ నిర్మించగా ఎం.మల్లికార్జునరావు దర్శకత్వం వహించిన ‘గూఢచారి 116’ విడుదలై కృష్ణను ఆంధ్రా జేమ్స్‌బాండ్‌ను చేసింది. మరుసటి ఏడాదే అది జితేంద్రతో హిందీలో ‘ఫర్జ్’ అయింది. 1967లో ఏవీఎం వారి ‘అవే కళ్లు’, 1971లో ‘జేమ్స్‌బాండ్ 777’ వచ్చాయి. ఆ తర్వాత 1985లో వంశీ ‘అన్వేషణ’, 1986లో మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల ఆధారంగా జంధ్యాల తీసిన ‘చంటబ్బాయి’, 1993లో ‘డిటెక్టివ్ నారద’. 2019లో ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ను ఆదరించిన కుర్రకారుకు ఈ వంశవృక్షమంతా తెలిసి ఉండకపోవచ్చు. తెలుసుకుందామన్నా చూడదగ్గ ప్రతి దొరకాలి కదా.

గూఢచారి సినిమా వేరు, హంతకుణ్ని కనిపెట్టే సినిమా వేరు అని విమర్శకులు విడదీస్తారు. ఆ విభజన సరైనదే. కానీ రీళ్లను కాపాడే విషయంలో రెండింటి కష్టమూ ఒకటే కనుక ఇక్కడ కలిపే చూస్తున్నాం.

డబ్బాలోంచి ఫోన్‌లోకి

1950ల మొదటి సంవత్సరాల దాకా సినిమా రీళ్లు నైట్రేట్‌వి. ఇట్టే అంటుకునే సరుకు అది. 2003 జనవరిలో పుణెలో జాతీయ ఫిల్మ్ భాండాగారం నైట్రేట్ రీళ్లు కాలిపోవడంతో ఎన్నో పాత చిత్రాలు శాశ్వతంగా పోయాయి. మన డిటెక్టివ్ సినిమాలు ఆ తర్వాతి తరానివి కాబట్టి ఎసిటేట్ మీద ఉన్నాయి. వీటికి నిప్పు భయం తక్కువ, వేడి, తేమల భయం ఎక్కువ. ఎసిటేట్ ఫిల్మ్ కుళ్లితే డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన కొడుతుంది. రీలు కుంచించుకుపోయి, వంకర తిరిగి, చివరికి యంత్రంలోకి ఎక్కించడానికే పనికిరాదు. ఒక డబ్బాలో మొదలైతే పక్క డబ్బాలకూ పాకుతుంది. ఎండలకు రాష్ట్రంలోనే పేరుమోసిన రెంటచింతల పల్నాడు జిల్లాలోనే ఉంది. ఈ ప్రాంతంలో ఏ గోదాములోనైనా రేకుల కప్పు కింద ముప్పై వేసవులు గడిపిన ప్రింటు ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. రంగుల చిత్రాలది మరో బాధ. ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో ముందు నీలం, ఆకుపచ్చ వెలిసిపోయి బొమ్మంతా గులాబీ రంగుకు తిరుగుతుంది.

నెగెటివ్‌లు మద్రాసు ల్యాబుల్లో ఉండేవి. ప్రింట్లు విజయవాడ గాంధీనగర్‌లోని పంపిణీదారుల ఆఫీసుల నుంచి జిల్లాలకు వెళ్లేవి. పెద్ద ఊళ్లలో ఆడి ఆడి, గీతలు పడి, తెగిన చోటల్లా అతుకులేయించుకుని, చిన్న ఊరి టాకీసుకు చేరేసరికి ప్రతి రీలు మొదట్లోనూ చివర్లోనూ కొన్ని అడుగులు మాయమయ్యేవి. ఆట ముగిసిన ప్రింట్లను వెండి కోసమో, గాజుల తయారీకో పాతసామాన్ల వాళ్లకు అమ్మేశారు. డిజిటల్ వచ్చాక ల్యాబులు మూతపడుతుంటే ఏ నిర్మాత వారసుడు వచ్చి తన నెగెటివ్ తీసుకెళ్లాడు, ఎవరు రాలేదు అన్న లెక్క ఒకచోట రాసి పెట్టినవాళ్లు లేరు.

వీడియో యుగంలో ఇంటికి చేరింది ఈ నెగెటివ్‌లు కావు. అరిగిపోయిన ప్రింటును టేపు మీదకు ఎక్కించారు. ఆ టేపే కేబుల్ టీవీకి, ఆ తర్వాత వీసీడీకి, చివరికి యూట్యూబ్‌కు మూలమైంది. 2007 ప్రాంతంలో మోసర్‌బేయర్ సంస్థ పాతిక, ముప్పై రూపాయల ధరకు డిస్కులు అమ్మినప్పుడు పాత సినిమా పల్లెటూరి కిరాణా కొట్టులో కూడా దొరికింది. అది గొప్ప సదుపాయమే. డిస్కు కొత్తదైనా అందులో బొమ్మ మాత్రం పాత టేపుదే.

పునరుద్ధరణ చేయగల నైపుణ్యం మనకు లేక కాదు. పల్నాటి పేరును తెరకెక్కించిన 1947 నాటి ‘పల్నాటి యుద్ధం’ను గూడవల్లి రామబ్రహ్మం మరణం తర్వాత పూర్తిచేసింది ఎల్.వి.ప్రసాద్. ఆయన స్థాపించిన సంస్థే ఇవాళ చెన్నై నుంచి దేశవిదేశాల చిత్రాలను పునరుద్ధరిస్తోంది. ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ 2019 డిసెంబరులో హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోస్‌లో ఫిల్మ్ పరిరక్షణపై శిక్షణ శిబిరం నడిపింది. జాతీయ చలనచిత్ర వారసత్వ మిషన్ కింద కేంద్రం 2022లో పునరుద్ధరణకు రూ.363 కోట్లు ప్రకటించింది. పని తెలిసినవాళ్లూ ఉన్నారు, ప్రభుత్వ డబ్బూ కదిలింది. డిటెక్టివ్ సినిమా మాత్రం ఆ వరుసలో వెనకే నిలబడి ఉంది.

ఎందుకంటే, పుస్తకం అచ్చయితే గ్రంథాలయాలకు ప్రతులు ఇవ్వాలని 1954 చట్టం చెబుతుంది. సినిమాకు అలాంటి చట్టం లేదు. జాతీయ అవార్డు వచ్చిన చిత్రమైతే భాండాగారం దృష్టిలో పడుతుంది. ఆదుర్తి సుబ్బారావు తీసిన ‘సుడిగుండాలు’ నేరం చుట్టూ అల్లిన కథే. అది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు పొందింది, 2024 సెప్టెంబరులో అక్కినేని శతజయంతి ఉత్సవంలో దేశంలోని 25 నగరాల్లో ప్రదర్శించిన పది చిత్రాల్లో ఒకటైంది. ఆ రోజుల్లోనే వచ్చిన ‘అవే కళ్లు’కు ఆ గౌరవం లేదు. అవార్డు కమిటీలు గూఢచారులకు, ముసుగు హంతకులకు పతకాలివ్వవు. ప్రేక్షకులు ఇచ్చారు, కానీ ప్రేక్షకుల దగ్గర భాండాగారం ఉండదు.

మూడు వాదాలు

మొదటిది పరిరక్షకుల వాదం. సినిమా విడుదలైన రోజు ఎలా ఉందో అలాగే తిరిగి తేవాలి అంటారు వీళ్లు. దుమ్ము, గీతలు, చిరుగులు, వణుకు తీసేయవచ్చు. ఫిల్మ్ సహజంగా ఇచ్చే గరుకుదనాన్ని మాత్రం తుడవకూడదు, మోనో శబ్దాన్ని మోనోగానే ఉంచాలి, నలుపు తెలుపును రంగు చేయకూడదు. ఈ పని ఎంత ఓపికతో కూడిందో ఒక లెక్కతో తెలుస్తుంది. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున రెండున్నర గంటల సినిమాలో 2,16,000 ఫ్రేములుంటాయి. 1993లో లండన్ ల్యాబ్ అగ్నిప్రమాదంలో కాలిన సత్యజిత్ రాయ్ ‘అపూ’ చిత్రత్రయం నెగెటివ్‌లను ఇటలీలోని బొలోన్యా నిపుణులు తడిపి, మెత్తబరిచి, చేత్తో అతికి 4కెలో తిరిగి తెచ్చిన తీరు ఈ వాదానికి పెద్ద బలం.

రెండోది నవీకరణ వాదం. నేటి కుర్రాళ్లు నలుపు తెలుపు బొమ్మ ముందు కూర్చోరు కాబట్టి రంగు, 5.1 శబ్దం, వెడల్పు తెర ఇవ్వాలన్నది దీని సారం. గోల్డ్‌స్టోన్ సంస్థ 2010 జనవరి 30న విడుదల చేసిన రంగుల ‘మాయాబజార్’ దీనికి తొలి తెలుగు జెండా. అది కొత్త తరాన్ని థియేటర్‌కు రప్పించిందనడంలో సందేహం లేదు. అయితే మూలం కంటే నిడివి తగ్గింది, పద్యాలు కొన్ని పోయాయి. 2023 మే 31న కృష్ణ జయంతికి 4కెలో వచ్చిన ‘మోసగాళ్లకు మోసగాడు’, 2025 నవంబరులో శబ్దాన్ని డాల్బీ అట్మాస్‌కు మార్చి తెచ్చిన ‘శివ’ ఇదే దారిలో ముందడుగులు. తారాబలం ఉన్న సినిమాకు ఈ ఖర్చు తిరిగొస్తుంది. ‘లక్షాధికారి’కి తిరిగొస్తుందా అంటే ఆ పద్దు ఎవరూ వేసి చూడలేదు.

మూడోది అందుబాటు వాదం. ముందు జనానికి చేరనివ్వండి, నాణ్యత తర్వాత చూసుకుందాం అంటారు. యూట్యూబ్‌లో పాత సినిమాలు పెట్టిన వీడియో కంపెనీల సమర్థన ఇదే. దీన్ని తీసిపారేయడం అన్యాయం. వాళ్లు పెట్టకపోతే ఈ సినిమాల పేర్లు కూడా చాలామంది మరచిపోయేవారు. మాచర్లలో కూర్చున్న డిగ్రీ విద్యార్థి రూపాయి ఖర్చు లేకుండా పాత కృష్ణ సినిమా చూడగలుగుతున్నాడంటే అది వాళ్ల పుణ్యమే. కానీ తలలు కోసేసి 16:9కు సాగదీసిన బొమ్మ, తెర మూలన కదలని కంపెనీ గుర్తు, మధ్యలో ఎగిరిపోయిన సన్నివేశాలు చూసినవాడు ఆ సినిమానే తక్కువ రకమనుకుంటాడు.

పక్కపక్కన పెట్టి చూస్తే ఈ మూడింటికీ దృష్టి మూడు వైపులా ఉంది. పరిరక్షకులు సినిమా తీసినవాడికి జవాబుదారీ అంటారు, నవీకరణవాదులు రేపటి టికెట్‌కు, అందుబాటువాదులు నేటి ప్రేక్షకుడికి. మామూలు కుటుంబ కథాచిత్రమైతే మూడింటి మధ్య రాజీ కుదురుతుంది. డిటెక్టివ్ సినిమా దగ్గర ఆ రాజీ ఎక్కడ బెడిసికొడుతుందో కొంచెం వివరంగా చూడాలి.

చీకటి, అక్షరం, అడుగుల చప్పుడు

ఆ కాలంలో రాత్రి దృశ్యాలు చాలావరకు పగలే తీశారు. ఎండలో తీసి, ల్యాబ్‌లో ప్రింటు వేసేటప్పుడు చీకటి చేసేవారు. టేపు మీదకు ఎక్కించేవాడికి ఈ సంగతి తెలియకపోతే బొమ్మ మసగ్గా ఉందనుకుని వెలుతురు పెంచుతాడు. అప్పుడు అర్ధరాత్రి జరిగిన హత్య మిట్టమధ్యాహ్నం జరిగినట్టు కనబడుతుంది. హంతకుణ్ని ఎవరూ ఎందుకు చూడలేదన్న ప్రశ్న ప్రేక్షకుడికి వస్తుంది, తప్పంతా దర్శకుడి మీద పడుతుంది. టీవీల్లో మనం చూసిన పాత థ్రిల్లర్లలో ఇలా పాడైన దృశ్యాలు కోకొల్లలు. మంచి పునరుద్ధరణ అంటే ముందు ఆ చీకటిని వెనక్కి తేవడం. వీలైతే ఆ చిత్ర ఛాయాగ్రాహకుణ్నో, ఆయన దగ్గర పనిచేసినవారినో పక్కన కూర్చోబెట్టుకుని చేయాల్సిన పని అది. ‘అన్వేషణ’కు కెమెరా పట్టిన ఎం.వి.రఘు లాంటివారి సలహాకు ఈ పనిలో ఉన్న విలువ యంత్రానికి రాదు. తలకోన అడవిలో ఏ నీడ ఎంత చిక్కగా ఉండాలో తెలిసింది ఆ చిత్రం తీసినవారికే.

‘అవే కళ్లు’ పేరులోనే ఆధారం ఉంది. ముసుగు చాటున కనబడే కళ్లే ప్రేక్షకుడికి దొరికే గుర్తు. చర్మం నునుపు చేసి, కనుపాపలకు మెరుగు పెట్టే నేటి సాఫ్ట్‌వేర్‌ను అలాంటి ఫ్రేము మీదకు వదిలితే ఏమవుతుందో వేరే చెప్పాలా? కృత్రిమ మేధ మసక బొమ్మను ఊహించి నింపుతుంది. అది ఊహించినది ఒకప్పుడు కెమెరా చూసినది కాదు. కారు నంబరు, పత్రికలో శీర్షిక, చిరిగిన చీటీ మీది తెలుగు అక్షరం ఈ సినిమాల్లో సాక్ష్యాలు. వాటిని ఊహతో గీస్తే, కేసులో సాక్ష్యం మార్చడంతో సమానం. దుమ్ము తుడవడానికి, వణుకు ఆపడానికి కృత్రిమ మేధను వాడటంలో తప్పులేదు, ఎంతో శ్రమ తగ్గుతుంది. ముఖాల మీద, అక్షరాల మీద మాత్రం దాన్ని చేయి పెట్టనివ్వకూడదు. ఈ విషయంలో పరిరక్షకుల పట్టుదలే సరైనదని ఈ వ్యాసకర్త నమ్మకం.

శబ్దం సంగతి ఇంకా తక్కువగా చర్చకు వచ్చింది. ఫిల్మ్ అంచున ఉండే పాత ఆప్టికల్ శబ్దపు ట్రాకులో ఎప్పుడూ ఒక బుస ఉంటుంది. దాన్ని పూర్తిగా తీసేయబోతే దానితోపాటు ఎండుటాకుల చప్పుడు, తలుపు గడియ కదలిక, దూరంగా అడుగుల సవ్వడి కూడా పోతాయి. ‘అన్వేషణ’ కథే అడవిలోని పక్షుల కూతలతో, ఇళయరాజా సంగీతంతో ముడిపడి ఉంది. అక్కడ నిశ్శబ్దానికీ అర్థం ఉంది. మోనోను 5.1గా విడదీసినప్పుడు మరో చిక్కు. ఏ శబ్దాన్ని ఎడమకు, దేన్ని వెనక్కి పంపాలో కొత్త ఇంజినీరు నిర్ణయిస్తాడు. దర్శకుడు దాచిపెట్టిన మనిషి ఏ దిక్కున ఉన్నాడో స్పీకరు చెప్పేస్తే ఉత్కంఠ ఎక్కడిది?

ఏ కూర్పు అసలుది?

పల్నాటి వారికి ఈ ప్రశ్న కొత్త కాదు. పల్నాటి వీరుల కథను 1911లో అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి అచ్చువేశారు. 1970లలో జీన్ రోగైర్ అనే అమెరికన్ పరిశోధకుడు గాయకుడి నోట విన్నదాన్ని రికార్డు చేసి 1982లో పుస్తకంగా తెచ్చాడు. రెండూ ఒకటి కావు, రెండూ కావలసినవే. సినిమాలోనూ అంతే. హాలీవుడ్ డిటెక్టివ్ చిత్రం ‘ది బిగ్ స్లీప్’ను 1945లో ఒక కూర్పుగా సైనికులకు చూపించారు. 1946లో విడుదల చేసినప్పుడు హీరోయిన్ సన్నివేశాలు పెంచి, హత్యల చిక్కుముడిని వివరించే సన్నివేశాన్ని తీసేశారు. 1997లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ భాండాగారం పాత కూర్పును పునరుద్ధరించాక, రెంటినీ ఒకే డిస్కులో ఇచ్చారు. ఏది మెరుగో చూసినవాడే తేల్చుకుంటాడు.

మన దగ్గర తొలి విడుదల ప్రింటు, రెండో విడతకు కోసిన ప్రింటు, టీవీ కోసం మరింత కోసిన టేపు అని మూడు నాలుగు రూపాలుంటాయి. అసలు నిడివి తెలుసుకోవడానికి నమ్మదగ్గ ఆధారం సెన్సారు సర్టిఫికెట్. అందులో రీళ్ల సంఖ్య, పొడవు రాసి ఉంటాయి. ఇంటికి వచ్చే ప్రతి ప్రతి మీదా ఆ పొడవు, ఇప్పుడు దొరికిన పొడవు పక్కపక్కన రాస్తే చాలు, ఎంత పోయిందో ఎవరైనా లెక్కవేసుకోగలరు. పోయింది దొరకదనీ అనుకోనక్కరలేదు. 1916 నాటి అమెరికన్ ‘షెర్లాక్ హోమ్స్’ సుమారు వందేళ్లు పోయిందనుకున్న చిత్రం. 2014లో పారిస్‌లోని సినిమాతెక్ డబ్బాల్లో బయటపడింది.

హక్కుల ముడి

మన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాపై హక్కు విడుదలైన ఏడాది తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్లు. అంటే ‘లక్షాధికారి’ గడువు 2023తో, ‘సి.ఐ.డి.’ గడువు 2025తో ముగిసింది. ‘గూఢచారి 116’ గడువు 2026 డిసెంబరు 31తో ముగుస్తుంది. ఆ మరుసటి రోజు నుంచి ఎవరైనా దాన్ని విడుదల చేయవచ్చా? సినిమాగా చేయవచ్చు. కానీ కథ, మాటలు, పాటల సాహిత్యం, బాణీలపై హక్కు వాటి కర్త మరణించిన తర్వాత 60 ఏళ్ల దాకా ఉంటుంది. సినిమా స్వేచ్ఛ పొందినా పాట పొందకపోవచ్చు. దీనికి తోడు 1970లలో, 80లలో రాసుకున్న ఒప్పందాల్లో ఇంటర్నెట్ అన్న మాటే లేదు. 2012 సవరణ ప్రకారం ఒప్పందంలో పేర్కొనని కొత్త మాధ్యమానికి రాతగాళ్ల, సంగీతకర్తల హక్కు దానంతట అది బదిలీ కాదు. ఆ సవరణకు ముందునాటి ఒప్పందాలకు ఇది ఎంతవరకు వర్తిస్తుందన్నది వాదోపవాదాల్లోనే ఉంది.

గడువు తీరితే నాణ్యత దానంతట అదే రాదని కూడా గుర్తుంచుకోవాలి. బేసిల్ రాత్‌బోన్ నటించిన షెర్లాక్ హోమ్స్ చిత్రాల్లో నాలుగు అమెరికాలో ముందే ఉమ్మడి సొత్తు అయ్యాయి. వెంటనే వచ్చినవి చౌకరకం ప్రతులు, రంగులు పులిమిన కూర్పులు. ఒక విశ్వవిద్యాలయ భాండాగారం పూనుకుని మూలాలు వెతికి బాగుచేశాకే అవి చూడదగ్గవయ్యాయి. 2027 జనవరిలో ‘గూఢచారి 116’కు ఏది జరుగుతుందన్నది ఇప్పుడు ఎవరి దగ్గర ఏ ప్రతి ఉందన్నదాని మీద ఆధారపడింది.

తేలనివి

కృత్రిమ మేధ వాడిన చోటు ప్రేక్షకుడికి ఎలా చెప్పాలన్నది తేలలేదు. వారసులు దొరకని సినిమాల సంగతి ఏమిటి, ఖర్చు ఎవరు భరించాలి అన్నవాటికి అందరూ ఒప్పుకునే జవాబు రాలేదు. తెలుగు రాష్ట్రాల్లో పుణె స్థాయి ఫిల్మ్ భాండాగారం లేదు. రెండు ప్రభుత్వాలూ షూటింగులకు రాయితీల మీద పెట్టినంత శ్రద్ధ దీనిమీద పెట్టలేదు.

వాదాలన్నీ చూశాక ఈ వ్యాసకర్త తీర్పు ఒకటే. ముందు నెగెటివ్‌నో, అది లేకపోతే దొరికిన మేలైన ప్రింటునో మొదటి అడుగు నుంచి చివరి అడుగు దాకా స్కాన్ చేయించాలి. ఆ స్కాన్ ప్రతి ఒకటి భాండాగారంలో ఉండాలి. తర్వాత రంగు వేసినా, శబ్దం మార్చినా అభ్యంతరం లేదు, మార్చని కూర్పు కూడా అదే చోట, అదే ధరకు దొరకాలి. ఏ మూలం నుంచి తీశారో, ఎంత పోయిందో, ఏమి మార్చారో సినిమాకు ముందు నాలుగు వాక్యాల్లో చెప్పాలి. ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడినవి కావు, స్కానింగ్ తప్ప.

పల్నాడు జిల్లాలో మూతపడిన టాకీసుల యజమానులకు, పాత పంపిణీదారుల కుటుంబాలకు, టూరింగ్ టాకీసులు నడిపినవారి పిల్లలకు ఒక మనవి. అటక మీదో గోదాములోనో ఫిల్మ్ డబ్బాలు ఉంటే పాతసామాన్ల వాడికి వేయకండి. వెనిగర్ వాసన వస్తున్నవాటిని మిగతావాటికి దూరంగా, నీడలో, గాలి తగిలే చోట పెట్టండి. డబ్బా మీద సినిమా పేరు, రీలు నంబరు రాసి, పుణెలోని జాతీయ ఫిల్మ్ భాండాగారానికి ఉత్తరం రాయండి. పూర్తి సినిమా కానక్కరలేదు. మరో చోట పోయిన ఒక్క రీలు మీ దగ్గర ఉండవచ్చు.